పొగ కాదు... పుప్పొడి!

చెట్టు పూస్తుంది. ఎంత పూయాలో, ఎప్పుడు విదల్చాలో, ఎవరి ముక్కు దాకా చేర్చాలో తేల్చేది మాత్రం వాతావరణమే. టెక్సస్ కొండల్లో, జపాన్ అడవుల్లో, మన రోడ్ల పక్కన గాలి నడిపే తుమ్ముల కథ ఇది.

జనవరి నెల. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, ఆస్టిన్ నగరానికి పడమటి దిక్కున కొండలు. రాత్రంతా ఉత్తరం నుంచి చలిగాలి కొట్టి, తెల్లవారేసరికి ఆకాశం తేటపడింది. ఎండ కాస్త ఎక్కగానే కొండవాలు మీద ఓ చెట్టులోంచి పసుపు కలిసిన పొగ గుప్పుమని లేచింది. పక్క చెట్టులోంచి మరోటి. ఆ తర్వాత వరసగా కొండంతా. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు అడవి అంటుకుందని హడావుడిగా ఫైర్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తారు. అక్కడివాళ్లకు ఇది ఏటా ఉండేదే. మంట లేదు, నిప్పు లేదు. అది సీడర్ పుప్పొడి.

మనకు సంక్రాంతి వచ్చే రోజుల్లోనే అక్కడ ఆ పుప్పొడి పతాకస్థాయికి చేరుతుంది. ఆస్టిన్‌లో, శాన్ ఆంటోనియోలో, డాలస్‌లో మనవాళ్లు ముగ్గుల పోటీలు పెట్టుకునేది, పిల్లలకు భోగిపళ్లు పోసేది సరిగ్గా అప్పుడే. ఆ పండగ ఫోన్లలో ఓ సంభాషణ చాలా ఇళ్లలో వినిపిస్తుంది. “మళ్లీ రొంప పట్టిందా అమ్మాయ్? ఆ చలిలో తిరగొద్దంటే వినవు కదా!” అని గుంటూరు నుంచి అమ్మ. “రొంప కాదమ్మా, సీడర్” అని అక్కణ్నుంచి కూతురు. సీడర్ అంటే ఏమిటో అమ్మకు అంతుపట్టదు. మిరియాల పాలు తాగమంటుంది, పసుపు వేసి ఆవిరి పట్టమంటుంది.

అమ్మ చెప్పినదాంట్లో సగం నిజముంది. చలిగాలి వల్లే ఈ బాధంతా. కాకపోతే ఆ గాలి ముందు పట్టుకున్నది కూతుర్ని కాదు, కొండ మీది చెట్టును.

చలి తగిలితే చిట్లే మొగ్గ

స్థానికులు మౌంటెన్ సీడర్ అని పిలిచే ఈ చెట్టు నిజానికి జూనిపర్ జాతిది. శాస్త్రీయ నామం జూనిపెరస్ యాషీ. సున్నపురాతి నేలల్లో, చాలా చెట్లు సరిగా బతకని చోట ఏపుగా పెరుగుతుంది. మధ్య టెక్సస్ కొండసీమంతా దీనిదే రాజ్యం. తాటిచెట్లలో పోతుతాడి, పెంటితాడి ఉన్నట్టే వీటిలోనూ మగ, ఆడ చెట్లు వేరు. డిసెంబరు వచ్చేసరికి మగచెట్ల కొమ్మల చివర సన్నటి మొగ్గల్లాంటి శంకువులు లెక్కలేనన్ని పుట్టి, పచ్చటి చెట్టు కాస్తా ఇటుకరంగు పులుముకుంటుంది. అమెరికాలో తక్కిన చెట్లలో ఎక్కువ భాగం పుప్పొడి కోసం వసంతం దాకా ఆగుతాయి. ఇది మాత్రం డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, నడిచలికాలంలో దులుపుతుంది.

ఎందుకు చలికాలమో తెలియాలంటే శంకువు ఎలా తెరుచుకుంటుందో చూడాలి. గాలిలో తేమ ఉన్నంతసేపు దాని పొలుసులు బిగుసుకుని ఉంటాయి. గాలి పొడిబారితే పొలుసుల్లో నీరు ఇంకి, ఎండకు పెసరకాయ చిట్లినట్టు విడిపోతాయి. లోపలి పొడి ఒక్క ఊపున బయటపడుతుంది. టెక్సస్‌లో మామూలు రోజుల్లో మెక్సికో సింధుశాఖ మీంచి తడిగాలి వస్తుంటుంది. ఉత్తరాది చలిగాలి ఒక్కసారిగా దిగినప్పుడు ఆ తడిని పక్కకు నెట్టి పొడిగాలిని పరుస్తుంది. వెనకాలే మబ్బు విడిచిన ఎండ. తేమ సగానికన్నా తక్కువ, ఎండ, గాలి ఈ మూడూ కలిసొచ్చాయంటే కొండంతా పొగలు కక్కుతుంది.

అందుకే ఇక్కడ మన లోకజ్ఞానం తలకిందులవుతుంది. ముసురు పట్టి, తడిచలి ఎముకలు కొరికే రోజు ఎలర్జీ ఉన్నవాళ్లకు చల్లటి రోజు. ఆ మర్నాడు ఆకాశం కడిగినట్టుండి, పిల్లల్ని పార్కుకు తీసుకెళ్దామనిపించే రోజే గండం. ఎండ బాగుందని కిటికీలు బార్లా తీసినవాళ్లకు సాయంత్రానికి కళ్లు వాస్తాయి.

ఎంత పొడి? ఘనపు మీటరు గాలిలో ఎన్ని రేణువులున్నాయన్నది లెక్క. అమెరికన్ ఎలర్జీ నిపుణులు వాడే కొలబద్దలో చెట్ల పుప్పొడి 90 దాటితే ఎక్కువ, 1,500 దాటితే మరీ ఎక్కువ. ఆస్టిన్ పరిసరాల్లో సీడర్ లెక్క పదివేలు దాటిన రోజులున్నాయి. ఒక్కో రేణువు 20 నుంచి 30 మైక్రాన్లు, అంటే మూడింటిని పక్కపక్కన పేరిస్తే ఒక వెంట్రుక మందం. పొగలా కనిపించాలంటే ఎన్ని కోట్లు ఒకేసారి లేవాలో ఊహించుకోవాల్సిందే. దీంతో వచ్చే బాధకు అక్కడ ‘సీడర్ ఫీవర్’ అని పేరు. సాధారణంగా జ్వరం మాత్రం ఉండదు. తుమ్ములు, ముక్కు దిబ్బడ, కళ్లమంట, తల దిమ్ము, ఒళ్లు విరిచేసినంత నీరసం.

గాలి దిక్కు మారితే బాధితులూ మారతారు. ఆస్టిన్ కొండసీమకు తూర్పు అంచున, శాన్ ఆంటోనియో దక్షిణపు అంచున ఉన్నాయి. కాబట్టి పడమటి, ఉత్తరపు గాలులు వీళ్లకు చేటు. డాలస్ ఉన్నది ఉత్తరాన. అక్కడివాళ్లకు కొండసీమ పుప్పొడిని మోసుకెళ్లేది దక్షిణపు గాలి. ఒకే రాష్ట్రంలో ఉన్న అన్నదమ్ములిద్దరికీ ఒకే చెట్టు పడకపోయినా ఒకే రోజు తుమ్ములు రావాలని లేదు.

“వచ్చిన కొత్తలో నాకేమీ కాలేదు, మూడోయేడు మొదలైంది” అని చెప్పేవాళ్లు ప్రవాసుల్లో చాలామంది కనిపిస్తారు. అందులో వింతేమీ లేదు. ఎలర్జీ పుట్టుకతో చేతికొచ్చే వస్తువు కాదు. శరీరం ముందు ఆ పుప్పొడిని కలుసుకోవాలి, శత్రువని పొరబడాలి, దాని మీదకు ఐజీఈ అనే ప్రతిరక్షకాల్ని తయారుచేసుకోవాలి. దానికి కొన్ని సీజన్లు పడుతుంది. ఇల్లు కొనుక్కుని, ఊరు సొంతమైందనుకునే వేళకు ముక్కు మొరాయిస్తుంది.

గాలిపటంతో పుప్పొడి వేట

పుప్పొడి ఎంత దూరం పోతుందన్నది మొదట పట్టుకున్నవాడు ఓ గాలిపటగాడు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో చార్లెస్ బ్లాక్లీ అనే వైద్యుడుండేవాడు. ఆయనకే గడ్డికోతల వేళ తుమ్ముల బాధ. అప్పట్లో ఈ జబ్బుకు ఎండ కారణమని కొందరు, వేడి అని కొందరు, దుమ్మని కొందరు అనేవాళ్లు. బ్లాక్లీ ఒక్కోదాన్నీ తనమీదే ప్రయోగించుకుని చూశాడు. చివరికి పుప్పొడిని పీల్చి, చర్మం గీరి దానిమీద రుద్దుకుని, దోషి ఇదేనని తేల్చాడు. అక్కడితో ఆగలేదు. జిగురు పూసిన గాజుపలకల్ని గాలిపటాలకు కట్టి వెయ్యి అడుగులకు పైగా ఎగరేశాడు. నేల దగ్గర కన్నా పైనే పుప్పొడి ఎక్కువ దొరికింది! పొలాల్లేని నగరం నడిబొడ్డున మనిషి ఎందుకు తుమ్ముతున్నాడన్న ప్రశ్నకు జవాబు ఆ గాజుపలకల మీదుంది. 1873లో ఇదంతా పుస్తకంగా వేశాడు.

ఆయన కాలానికి గాలిపటం. మన కాలానికి పెట్టె. 1952లో ఇంగ్లండ్‌లోనే రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో జిమ్ హర్స్ట్ ఓ గాలిపీల్చే యంత్రం తయారుచేశాడు. ప్రపంచమంతటా పుప్పొడి లెక్కలకు ఇవాళ్టికీ ఆధారం ఆ నమూనాయే. నిమిషానికి పది లీటర్ల గాలి పీలుస్తుంది, ఊరికే కూర్చున్న మనిషి పీల్చేదానికన్నా కాస్త ఎక్కువ. సన్నటి చీలికలోంచి వచ్చిన గాలి జిగురు టేపుకు కొట్టుకుంటుంది. టేపు గంటకు రెండు మిల్లీమీటర్ల చొప్పున జరుగుతుంది కాబట్టి ఏ గంటకు ఎంత పడిందో తెలుస్తుంది. ఆ తర్వాత పని మనిషిదే. సూక్ష్మదర్శిని ముందు కూర్చుని ఇది ఓక్, ఇది సీడర్, ఇది గడ్డి అంటూ రేణువు రేణువూ గుర్తుపట్టి లెక్కపెట్టాలి. రాడార్లు, ఉపగ్రహాలు ఉన్న వాతావరణ శాస్త్రంలో ఇంత ఓపిక పని ఇంకా మిగిలుందంటే ముచ్చటగా ఉంటుంది.

ఓక్లహామా రాష్ట్రంలోని టల్సాలో ఎస్టెల్ లెవటిన్ అనే పరిశోధకురాలు ఇలాంటి టేపులే ఏళ్ల తరబడి చూశారు. టల్సా చుట్టుపక్కల మౌంటెన్ సీడర్ లేదు. అతి దగ్గరి చెట్లు రెండు వందల కిలోమీటర్ల అవతల కొండల్లో ఉన్నాయి. టెక్సస్ కొండసీమ అయితే సుమారు ఆరువందల కిలోమీటర్లు. అయినా ప్రతి చలికాలం టేపు మీద ఆ రేణువులు తేలేవి. గాలి ఏ దారిన వచ్చిందో వెనక్కి లెక్కగట్టి, అవి ఏ కొండల నుంచి బయలుదేరాయో ఆమె బృందం చూపించింది. తర్వాత వాతావరణ సూచనల ఆధారంగా ముందస్తు హెచ్చరికలూ ఇచ్చింది. ఇంటిముందు చెట్టు కొట్టేస్తే పీడ పోతుందనుకునేవాళ్లు ఈ ఆరువందల కిలోమీటర్లను ఓసారి తలచుకోవాలి.

పోయిన ఏటి ఎండ, ఈ ఏటి తుమ్ము

టెక్సస్ పుప్పొడి నేటి గాలి చెప్పినట్టు వింటుంది. జపాన్ ‘సుగి’ చెట్టుదైతే నిరుటి ఎండనూ గుర్తుపెట్టుకుంటుంది. సుగి దేవదారు లాంటి నిటారు చెట్టు. రెండో ప్రపంచయుద్ధంలో కొట్టేసిన అడవుల స్థానంలో, ఇళ్లకు కలప కావాలని, ప్రభుత్వమే పూనుకుని కొండలకు కొండలు నాటించింది. ఆ తోటలు ఇవాళ దాదాపు 44 లక్షల హెక్టార్లు. తర్వాత విదేశీ కలప చవగ్గా దొరకడంతో నరికేవాళ్లు తగ్గారు. చెట్లు ముదిరాయి. ముదిరిన సుగి విపరీతంగా పూస్తుంది. నిక్కో ప్రాంతంలో సుగి ఎలర్జీని తొలిసారి వైద్యులు నమోదు చేసింది 1964లో. 2019లో జరిపిన సర్వేలో దేశజనాభాలో 38.8 శాతానికి సుగి పడదని తేలింది. అంటే ఐదుగురిలో దాదాపు ఇద్దరికి! 2023లో అక్కడి ప్రభుత్వం దీన్ని జాతీయ సమస్యగా తలకెత్తుకుని, పదేళ్లలో సుగి తోటల్ని ఐదోవంతు తగ్గిస్తామని, ముప్పై ఏళ్లలో పుప్పొడిని సగానికి తెస్తామని ప్రకటించింది.

సుగి మగమొగ్గలు ఫిబ్రవరిలో పుట్టవు. అంతకుముందటి జులై నుంచి రూపుకట్టుకుంటాయి. ఆ వేసవి వేడిగా, ఎండగా గడిస్తే మొగ్గలు విరివిగా వేస్తాయి. చల్లగా, ముసురుగా గడిస్తే చెట్టు పొదుపు పాటిస్తుంది. 1993లో జపాన్‌లో వేసవే రాలేదన్నంత చల్లదనం. వరి పోయి, థాయ్‌లాండ్ నుంచి బియ్యం తెప్పించుకోవాల్సి వచ్చింది. మరుసటి వసంతంలో పుప్పొడీ పలచబడింది. 2004లో ఎండలు మండిపోయాయి. 2005 వసంతం ముక్కులకు కాళరాత్రి అయింది. వరికి మేలు చేసే ఎండ ముక్కుకు పగ అన్నమాట. అందుకే అక్కడ వేసవి ముగిసీ ముగియకముందే వచ్చే ఏడాది పుప్పొడి అంచనాలు వార్తల్లోకొస్తాయి. చెట్ల దగ్గరికి మనుషులు వెళ్లి మొగ్గలు ఎలా ఉన్నాయో చూసి వస్తారు కూడా.

పరిమాణం వేసవి చేతిలో ఉంటే, తేదీ చలికాలం చేతిలో. జనవరి 1 నుంచి రోజూ నమోదయ్యే గరిష్ఠ ఉష్ణోగ్రతల్ని కూడుతూ పోతారు. మొత్తం ఓ స్థాయికి చేరితే మొగ్గ విచ్చుతుందని లెక్క. చదరపు సెంటీమీటరుకు కనీసం ఒక రేణువు వరసగా రెండ్రోజులు పడితే, మొదటి రోజును సీజన్ ఆరంభంగా ప్రకటిస్తారు. మనం నైరుతి రుతుపవనాలు కేరళను తాకాయా లేదా అని ఎదురుచూస్తామే, వాళ్లు దీనికోసం చూస్తారు.

ఇక గంటలు. టోక్యోలో పుప్పొడి రోజుకు రెండుసార్లు పెరుగుతుంది, మధ్యాహ్నం వేళ ఓసారి, పొద్దుగూకాక మరోసారి. ఉదయం కొండల్లో లేచింది నగరానికి చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. వేడెక్కిన గాలితోపాటు పైకెక్కిన రేణువులు, సాయంత్రం నేల చల్లబడ్డాక మెల్లగా కిందికి దిగుతాయి. ఆఫీసు నుంచి ఇంటికి నడిచే వేళ సరిగ్గా అదే.

టెక్సస్‌కు, జపాన్‌కు ఇంకో చుట్టరికం ఉంది. సుగి, జూనిపర్ ఒకే కుటుంబపు చెట్లు. రెండింటి పుప్పొడిలో ఎలర్జీకి మూలమైన ప్రధాన ప్రొటీన్లు కూడా తోబుట్టువులే. ఒకటి పడనివారి శరీరం రెండోదాన్నీ గుర్తుపట్టే అవకాశం ఉంది. ఆస్టిన్ నుంచి టోక్యోకు బదిలీ అయితే తుమ్ముల నుంచి పారిపోయినట్టు కాదు.

వాన కడుగుతుంది, ఒక్కోసారి పగలగొడుతుంది

వాన పడితే గాలి శుభ్రమవుతుందని మన నమ్మకం. గట్టి వాన గంటల తరబడి పడితే నిజమే. వాన వెలిసి, మర్నాడు ఎండా గాలీ వస్తే నిన్నటి బాకీ కూడా కలిపి విడుదలవుతుంది. ఉరుముల వాన సంగతి మరీ వేరు. 2016 నవంబరు 21 సాయంత్రం ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌ను ఉరుముల గాలివాన తాకింది. తర్వాతి 30 గంటల్లో శ్వాస అందడం లేదంటూ మామూలుకన్నా 3,365 మంది ఎక్కువగా అత్యవసర విభాగాలకు పరుగెత్తారు. పదిమంది చనిపోయారు. అది చెట్లది కాదు, రైగ్రాస్ అనే గడ్డి పుప్పొడి. పనిచేసిన సూత్రం మాత్రం ఇక్కడ చెప్పుకోదగ్గది. రేణువు మొత్తంగా ఉంటే ముక్కులోనే చిక్కుకుంటుంది. తడికి ఉబ్బి పగిలితే లోపలి సూక్ష్మకణాలు ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. బర్చ్ లాంటి చెట్ల పుప్పొడి కూడా ఇలా పగలడం శాస్త్రవేత్తలు చూశారు. ఆ రాత్రి బాధితుల్లో ఆసియా, భారత మూలాలున్నవాళ్ల వాటా జనాభాలో వాళ్ల వాటాకన్నా ఎక్కువని తర్వాతి అధ్యయనం తేల్చింది. వాళ్లలో చాలామందికి అంతకుముందు ఆస్తమా ఉన్నట్టే తెలియదు. మెల్‌బోర్న్‌లో ఉన్న తెలుగు కుటుంబాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉరుముల హెచ్చరికను తేలిగ్గా తీసుకోకూడదు.

కంటికి కనిపించేదే కరుస్తుందనుకోవడం మరో భ్రమ. అట్లాంటాలో మార్చి, ఏప్రిల్ నెలల్లో కార్ల మీద పసుపు చల్లినట్టుంటుంది. 2025 మార్చి 29న అక్కడ లెక్క 14,801కి చేరి పాత రికార్డును చెరిపేసింది. ఆ పసుపులో కనిపించేదంతా చాలావరకు పైన్ చెట్టుది. పెద్ద రేణువు, మైనం పూత. ఎలర్జీ కలిగించడం తక్కువ. తిట్లన్నీ దానికే పడతాయి. అసలు పనిచేసేవి అదే సమయంలో కంటికి ఆనకుండా తిరిగే ఓక్, బర్చ్ రేణువులు.

వేడెక్కుతున్న భూమి ఈ లెక్కలన్నిటినీ ముందుకు జరుపుతోంది. ఉత్తర అమెరికాలో 60 కేంద్రాల లెక్కలు తిరగేసి 2021లో వెలువడ్డ అధ్యయనం ప్రకారం 1990 నుంచి 2018 మధ్య పుప్పొడి సీజన్ సుమారు 20 రోజులు ముందుకు జరిగింది, 8 రోజులు పొడుగైంది, పుప్పొడి 21 శాతం పెరిగింది. పెరుగుదల ఎక్కువగా కనిపించిన ప్రాంతాల్లో టెక్సస్ ఒకటి.

మన గాలిలో ఏముంది?

మన దగ్గర పుప్పొడి అనగానే గుర్తొచ్చేది కోనోకార్పస్. రోడ్ల డివైడర్ల మీద ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుందని వేలకు వేలు నాటారు. తర్వాత శ్వాసబాధలు తెస్తోందన్న గోల మొదలైంది. తెలంగాణ నాటడం మానుకుంది, గుజరాత్ 2023లో నిషేధించింది. కొట్టేయమనేవాళ్లు, వద్దనే వృక్షశాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ చెట్టును వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. పరాయి చెట్టు, పక్షికి పండివ్వదు, నాటకుండా ఉండాల్సింది. అయితే ఎలర్జీ నేరం మోపాలంటే ఏ నెలలో, ఏ గాలిలో, ఎన్ని రేణువులన్న లెక్క ఉండాలి కదా!

గాలికి పుప్పొడినిచ్చే చెట్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. చెరువుగట్లను, బీళ్లను కమ్మేసిన సర్కారు తుమ్మ ఎలర్జీ కారకమని భారతీయ పరిశోధనల్లో ఏనాడో నమోదైంది. ఊరి బయట పొదల్లో ఉంటుంది గనక దానిమీద ఎవరికీ కోపం రాదు. ఉత్తరాదిన చలికాలం చివర కొద్ది వారాలపాటు గాలిని నింపేసే నెమలినార చెట్టు మన అడవుల్లోనూ ఉంది. కోస్తాలో సముద్రం పొడుగునా సరుగుడు తోటలున్నాయి. దాని పుప్పొడికి వాహనం గాలే, అక్కడ గాలికి కరువు లేదు. చిత్రమేమిటంటే జనం అనుమానించేది వీటిని కాదు, రంగురంగుల పూలచెట్లను. మోదుగ, బూరుగ, తురాయి లాంటివాటి పుప్పొడి బరువైనది, జిగురుది. అది పిట్టల కోసం, పురుగుల కోసం. గాలితో సంసారం చేసే చెట్టుకు రంగులతో పనిలేదు, అందుకే మన చూపు దానిమీద పడదు.

మన వాతావరణం తీరూ వేరు. టెక్సస్‌లోలా ఒక్క రాత్రిలో గాలి మారిపోదు. నాలుగు నెలల వానలు గాలిని కడుగుతాయి. ఆ వానలకే పెరిగిన గడ్డి, వయ్యారిభామ తర్వాత వంతు తీసుకుంటాయి. చలికాలం తెల్లవారుజామున హైదరాబాద్ మీద చల్లగాలి నేలబారున కదలకుండా కూర్చుని, పొగనూ దుమ్మునూ పుప్పొడినీ కలిపి కిందే ఉంచుతుంది. వాకింగ్‌కు వెళ్లేవాళ్లు పీల్చేది ఆ మిశ్రమాన్నే. ఫిబ్రవరి నుంచి పొడిగాలి, ఆకురాలు, కొత్తపూత. వీటిలో ఏది ఎవరి ముక్కును పట్టిందో తెలియక, అన్నిటినీ కలిపి ‘వాతావరణం పడలేదు’ అనేసి మాత్ర మింగుతున్నాం.

బాధ ఉన్నవాళ్లు చేయగలిగింది కొంత ఉంది. ఏటా అవే వారాల్లో తుమ్ములు వస్తుంటే ఆ తేదీలు రాసిపెట్టుకుని డాక్టరుకు చూపించాలి. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రేలు సీజన్ ముదిరాక కన్నా కాస్త ముందే మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. పొడిగాలి రోజుల్లో మాస్కు, బయట తిరిగొచ్చాక తలస్నానం, బట్టలు ఇంట్లోనే ఆరేసుకోవడం లాంటివన్నీ జపాన్‌లో బడిపిల్లలకూ తెలుసు. గుంటూరు అమ్మ చెప్పిన పసుపు ఆవిరి ముక్కుదిబ్బడకు కాస్త ఉపశమనమిస్తే ఇవ్వొచ్చు, ఎలర్జీని మాత్రం ఆపలేదు.

మన టీవీల వాతావరణ వార్తల్లో ఎండ ఉంటుంది, వాన ఉంటుంది, ఈమధ్య గాలి నాణ్యత కూడా వస్తోంది. పుప్పొడి మాట వినిపించదు. చండీగఢ్‌లో పీజీఐ వైద్యసంస్థ, పంజాబ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి ఆ నగరానికి ఏ నెలలో ఏ పుప్పొడి అన్న క్యాలెండర్ తయారుచేశారు. హైదరాబాద్‌కు, విశాఖకు, విజయవాడకు అలాంటిది కావాలంటే కావాల్సినవి ఓ మేడ మీద హర్స్ట్ పెట్టె, ఓ సూక్ష్మదర్శిని, రేణువుల్ని గుర్తుపట్టడం నేర్చిన ఇద్దరు ముగ్గురు, రెండు మూడేళ్ల ఓపిక. వృక్షశాస్త్ర శాఖలున్న విశ్వవిద్యాలయాలు మనకు తక్కువేమీ లేవు. డివైడర్ మీద కోనోకార్పస్‌ను కొట్టించి, అదే గుంతలో ఇంకో చెట్టు పెట్టించే మున్సిపాలిటీలు ముందు ఆ టేపు మీద ఏం పడుతోందో చూస్తే, కొట్టాల్సింది ఏదో, వదలాల్సింది ఏదో, కొత్తగా నాటకూడనిది ఏదో తేలుతుంది.